మా కట్ట రోడ్డు నిలబడింది, చేయి వేసిన అందరికీ దండాలు

2025 అక్టోబర్ 29. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి మన మీదికి వచ్చి, వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచిన రోజు. ఆ రోజు పరకాల వైపు మా ఊరి చెరువు కట్ట మీది రోడ్డు ఎక్కడా కోసుకుపోలేదు. వాన తగ్గాక బడి ఆటోలు ఎప్పటిలాగే దాని మీదే పోయాయి. అందుకే ఈ పోస్టు.

2023 జులై చివరి వానలు ఎవరూ మరిచిపోయి ఉండరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు కురిసింది, మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. మా కట్టకు గండి పడలేదు గానీ, పొలాల వైపు వాలు నిలువునా కోసుకుపోయి తారు రోడ్డు అంచు కింద మట్టి లేకుండా పోయింది. మొరం తెచ్చి పోశారు. తర్వాతి పెద్ద వానకే అది కింది మడుల్లోకి చేరింది. ఎవరు పోశారు, బిల్లు ఎంతయింది అనేది ఇప్పుడెందుకులెండి.

గడ్డి పెట్టమని చెప్పిన మా ఊరి అల్లుడు, రిటైర్డ్ ఇంజినీర్ సారుకు మొదటి దండం. మేమంతా కానుగ, వేప పెడదామన్నాం. వాలు మీద పెద్ద చెట్లు వద్దన్నారాయన. చెట్టు చచ్చాక వేరు కుళ్లి బొరియ పడుతుంది, నీళ్లకు అదే దారి. గాలికి కూలితే మట్టిని కూడా పెళ్లగించుకుని పోతుంది. సముద్రం ఒడ్డున సరుగుడు పెడతారు కదా సార్ అని ఒకరడిగితే, "అక్కడ ఆపాల్సింది గాలిని, ఇసుకని. ఇది నీళ్లు మోసే కట్ట" అన్నారు. అలా వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు, వరసల మధ్య గరిక, కట్టకు దూరంగా ఈత చెట్లు అని తేలింది. వట్టివేరు అంటే మాకు ఎండాకాలం తడికెలే తెలుసు. దాని వేరు పక్కకు పాకదు, రెండు మూడు మీటర్లు నిటారుగా లోపలికి దిగుతుంది.

2024 తొలకరికి నాటింది ఉపాధి హామీ అక్కలు. దుబ్బును చేత్తో చీల్చి, ఆకును జానెడు ఉంచి కోసి, వేళ్లను పేడ నీళ్లలో ముంచి, దారం పట్టి బెత్తెడుకో పిలక పెట్టారు. ఆ జారుడు వాలు మీద నిలబడటమే కష్టం, వాళ్లు వంగి పనిచేశారు. ఒక వరస వంకర పోయిందని పని చూసే మేట్ అక్క పీకించి మళ్లీ పెట్టించింది. అప్పుడు నాకు చాదస్తం అనిపించింది. మొన్న తుపాను తర్వాత చూస్తే ప్రతి వరస వెనక కొట్టుకొచ్చిన మట్టి బెత్తెడు ఎత్తున ఆగి ఉంది. సందు ఉంటే నీళ్లన్నీ అక్కడి నుంచే దూకేవి. ఎండాకాలం ట్యాంకర్‌తో తడిపిన పంచాయతీ ట్రాక్టర్ తమ్ముడికి కూడా థ్యాంక్స్.

అసలు పెద్ద దండం మా గొర్ల కాపరులకు. ముదిరిన వట్టివేరు జోలికి గొర్రె పోదు గానీ లేత చిగురును వదలదు, గరికనైతే అసలే వదలదు. ఆ కట్ట వాళ్లకు తాతల నాటి మేత. ఆ ఏడాదంతా మందలను కట్ట ఎక్కించకుండా, రోజూ ఊరు చుట్టు తిప్పి శిఖం (చెరువు లోపలి భూమి) వైపు తోలుకుపోయారు. ఎవరూ కంచె వేయలేదు, జరిమానా అనలేదు, వాళ్లకు ఒక్క రూపాయి ఇచ్చింది లేదు. నాటిన రోజు ఫొటోల్లో, ఫ్లెక్సీల్లో చాలామంది ఉన్నారు, వీళ్లు లేరు. మల్లన్న సాక్షిగా చెబుతున్నా, ఆ మందలు రెండు రోజులు కట్ట మీద తిరిగి ఉంటే అక్కల కష్టమంతా మట్టిపాలయ్యేది. కాకా, అన్నా, మీ అందరికీ పేరుపేరునా ఇంటికొచ్చి చెప్పుకుంటా.

చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గరి ముక్క ఇంకా బోడిగానే ఉంది. అక్కడ నీళ్ల దూకుడుకు గడ్డి ఆగదు, రాతి కట్టుబడి కావాలి. దానికి అర్జీ పెట్టాం. ఇక పిలకలంటారా, మా దగ్గర ఇప్పుడు దండిగా ఉన్నాయి. కట్ట కోసుకుపోయిన ఊళ్లవాళ్లు తొలకరి పడ్డాక గోనె సంచులు తెచ్చుకుని రండి, ఊరికే ఇస్తాం. చీల్చడం మాత్రం మీరే చేసుకోవాలి.