వార్షిక నివేదిక: ఆదివారం అల్లిక తరగతి

బెంగళూరులోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు వాట్సాప్‌లో అందరికీ చేరాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. అందుకని నా వంతు నివేదిక మొత్తం ఈ ఏడాది కొత్తగా మొదలైన పని గురించే: ఆదివారం ఉదయాల్లో పిల్లలకు ఊలు అల్లిక నేర్పడం.

ఈ ఆలోచన మన సభ్యురాలి అత్తగారిది. మన కోస్తా ఊళ్లలో స్వెట్టర్ల అవసరం తక్కువ, కాబట్టి అల్లడం వచ్చినవాళ్లూ తక్కువే. భర్తగారి రైల్వే ఉద్యోగం వల్ల ఉత్తరాదిన ఉన్న రోజుల్లో ఆవిడ ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నారు. అల్లికలో ఉండే రెండు ముఖ్యమైన కుట్లను (ఇంగ్లీషులో నిట్, పర్ల్) ఇప్పటికీ హిందీలో ‘సీదా, ఉల్టా’ అనే అంటారు. బెంగళూరులో డిసెంబరు, జనవరి చలిలో పొద్దున్నే స్కూల్ బస్సు కోసం నిలబడే పిల్లలు కదా, మఫ్లర్ అనగానే హుషారుగా వచ్చేశారు.

మొదట్లో మేమే పొరపాటు చేశాం. ఆన్‌లైన్‌లో తెప్పించిన అల్యూమినియం సూదులు పొడవుగా, నున్నగా ఉండి కుట్లన్నీ జారిపోయేవి. పైగా ఊలు నల్లది, ఏ కుట్టు ఎక్కడుందో పెద్దవాళ్లకే కనపడదు. ఒక పాప సూదులు కింద పెట్టి ఏడ్చేసింది. ఆ మర్నాడే ఇద్దరం అవెన్యూ రోడ్డు దగ్గరి రాజా మార్కెట్‌కి వెళ్లి లేత రంగు అక్రిలిక్ ఊలు, పొట్టి వెదురు సూదులు తెచ్చాం. 8 నంబరువి, అంటే 4 మిల్లీమీటర్లవి. వెదురు కాస్త గరుకుగా ఉండి కుట్టును పట్టి ఉంచుతుంది. ఎడమచేతివాటం పిల్లలను పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెడితే, అద్దంలో చూసినట్టు చూసి పట్టేశారు.

అమ్మమ్మగారు (అంటే ఆ అత్తగారే, పిల్లలందరికీ ఆవిడ అమ్మమ్మే) నేర్పింది నాలుగు మాటల్లోనే: దూర్చు, చుట్టు, లాగు, జార్చు. బడిలో ఇంగ్లీషు, ఆటల్లో కన్నడ మాట్లాడే పిల్లలు ఈ నాలుగు మాటలూ పాటలా అంటూ అల్లుతుంటే వినడం నాకు ఈ ఏడాది అన్నిటికంటే సంతోషం కలిగించింది.

20 కుట్లతో మొదలుపెట్టిన ముక్క పది వరసలయ్యేసరికి 26 కుట్లయ్యేది. వరస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే ఒక్క కుట్టే రెండులా కనిపిస్తుంది. పిల్లలు రెండూ అల్లేస్తారు. అందుకే వరస వరసకీ లెక్కపెట్టించాం. తప్పు దొరికితే అక్కడిదాకా ఊడదీయాల్సిందే. మొదట్లో ఊడదీయడమంటే కళ్ల నీళ్లు. దసరా సెలవులయ్యాక మాత్రం, మేం చెప్పకముందే వాళ్లే విప్పి, ఊలు ఉండ చుట్టి మళ్లీ మొదలుపెట్టేవారు. ఇంట్లో కూడా ఆ ఓపిక కనిపిస్తోందని ఇద్దరు ముగ్గురు తల్లులు నాతో అన్నారు.

ఏడాది చివర్లో పిల్లలు అల్లిన చదరపు ముక్కలన్నీ (చదరాలు) కలిపి మన దగ్గరి వృద్ధాశ్రమానికి దుప్పటి చేయాలనుకున్నాం. తీరా పక్కపక్కన పెడితే ఏ రెండూ కలవలేదు! కుట్ల సంఖ్య ఒకటే అయినా, దారం బిగించి లాగే పిల్లాడి చదరం చిన్నగా, వదులుగా అల్లే అమ్మాయిది పెద్దగా వచ్చింది. అప్పుడు కుట్ల లెక్క మానేసి, అందరికీ ఒకే కొలత అట్టముక్క ఇచ్చాం, దానికి సరిపోయేదాకా అల్లమని. అప్పటికే అల్లినవాటికి మన ఆడవాళ్లు క్రోషియాతో అంచు వేసి సరిచేశారు. అలా దుప్పటి పూర్తయింది. ఇవ్వడానికి పిల్లలే స్వయంగా వెళ్లారు.

వచ్చే ఏడాది టోపీ నేర్పాలని ఉంది. మేం అనుకున్న రకానికి ‘ఉల్టా’ కూడా రావాలి, కాబట్టి నేర్పేవాళ్లు ఇంకొందరు కావాలి. మీ ఇంటికి వచ్చి ఉండే అమ్మలు, అత్తగార్లలో అల్లిక తెలిసినవాళ్లుంటే దయచేసి చెప్పండి. అటక మీద పాత సూదులుంటే పారేయకండి, వచ్చే ఆదివారం హాల్లో ఇచ్చి వెళ్లండి. 8 నంబరువైతే మరీ మంచిది.

— కార్యదర్శి