ఆమ్లం గాఢత పెంచడమే మార్గం కాదు

సంపాదకులకు,

ఇసుకరాతి పొరల్లోని యురేనియాన్ని తవ్వకుండా, బావుల్లోంచి ఆమ్లం లేదా బైకార్బనేట్ కలిపిన ద్రావణం పంపి కరిగించి పైకి తోడే ఇన్‌సిటు లీచింగ్ పద్ధతి నేడు ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా అందిస్తోంది. దిగుబడి తగ్గిందంటే చాలు, ముందుగా ఆమ్లం గాఢత పెంచాలని చూస్తారు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు.

ఖనిజంలో యురేనియం ఎక్కువగా ప్లస్ 4 ఆక్సీకరణ స్థితిలో ఉంటుంది, దాదాపు కరగదు. ప్లస్ 6కి చేరాకే సల్ఫేట్‌తోనో కార్బనేట్‌తోనో కలిసి నీటితో కదులుతుంది. ఆమ్ల పద్ధతిలో ఆ ఆక్సీకరణ చేసేది ముఖ్యంగా ఫెర్రిక్ (ప్లస్ 3) ఇనుము. అది ఫెర్రస్‌గా (ప్లస్ 2) మారిపోయాక ఎంత ఆమ్లం పోసినా వృథాయే. పీహెచ్ ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు, ద్రావణానికి ఆక్సీకరణం చేసే శక్తి ఎంతుందో చెప్పే రెడాక్స్ పొటెన్షియల్ కూడా కొలవాలి. అది పడిపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఫెర్రస్‌ను మళ్లీ ఫెర్రిక్ చేసి పంపాలి.

రాతిలో కాల్షియం కార్బనేట్ సుమారు 2 శాతం దాటితే ఆమ్లాన్ని అదే తినేస్తుంది. పైగా విడుదలైన కాల్షియం, ఆమ్లంలోని సల్ఫేట్‌తో కలిసి జిప్సంగా పేరుకుని రంధ్రాలు మూసేస్తుంది. అక్కడ బైకార్బనేట్, ఆక్సిజన్ పద్ధతే నయం. అందులోనూ జాగ్రత్తలున్నాయి: ఆ లోతులోని పీడనానికి కరిగేదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ పంపితే బుడగలు దారి మూస్తాయి; మాంట్‌మొరిల్లొనైట్ బంకమన్ను ఉన్నచోట సోడియం బైకార్బనేట్ దాన్ని ఉబ్బిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వాడటం మేలు.

అసలు నష్టమంతా ప్రవాహంలోనే అని మా అభిప్రాయం. ద్రావణం సులువుగా పారే ఇసుక దారిని పట్టుకుంటుంది, పక్కనున్న బిగువు పొరలోని ఖనిజం తడవదు. అందుకే బావి ఫిల్టర్ గొట్టాన్ని ఖనిజ పొర ఎదురుగా మాత్రమే అమర్చాలి. ట్రేసర్ (ద్రావణం జాడ తెలిపే పదార్థం) పంపి ఏ బావి నుంచి ఏ బావికి ఎంత చేరుతోందో చూడాలి. పాతబడిన వరుసల్లో పంపే బావుల్ని, తోడే బావుల్ని అటూ ఇటూ మార్చితే తడవని చోట్లకు ద్రావణం చేరవచ్చు. మిగిలిన రసాయన మార్పులన్నీ ముందు కోర్ నమూనాలపై (బోరు వేసి తీసిన రాతి ముక్కలపై) కాలమ్ పరీక్షలో, అంటే వాటిని గొట్టంలో నింపి ద్రావణం పారించి, తేల్చుకోవాలి.

పంపినదానికన్నా 1 నుంచి 3 శాతం ఎక్కువ తోడితేనే ద్రావణం చుట్టుపక్కల నీటిలోకి జారదు. చెక్ దేశంలోని స్ట్రాజ్ పోడ్ రాల్‌స్కెమ్‌లో 40 లక్షల టన్నులకు పైగా సల్ఫ్యూరిక్ ఆమ్లం భూమిలోకి పంపారు. 1996లో ఉత్పత్తి ఆపేశారు, భూగర్భజల శుద్ధికి దశాబ్దాలు పడుతోంది. కొత్త ప్రతిపాదన ఏదైనా ఆ శుద్ధి ఖర్చును మొదటి అంచనాలోనే చూపించాలి.

ఇట్లు,
కొందరు హైడ్రోమెటలర్జీ (ద్రావణాలతో లోహాలు వెలికితీసే శాస్త్రం) ఇంజినీర్లు