విజయ్ అయ్యర్ వార్తలో సంగీతం ఏది?

సంపాదకుల వారికి,

జాజ్ పియానో విద్వాంసుడు విజయ్ అయ్యర్ గురించి మీ ఆదివారం సంచికలో వార్త వచ్చి రెండు వారాలైంది. ఆ రోజే రాద్దామనుకుని ఊరుకున్నాను. మొన్న పక్కింటికి వెళ్తే, ఇంటర్ చదివే వాళ్ల అబ్బాయి బల్ల ఎదుట గోడకు ఆ కాగితం అంటించి ఉంది. ‘యేల్ విశ్వవిద్యాలయంలో గణితం’ అన్న చోట వాళ్ల నాన్న ఎర్ర సిరాతో గీత గీశారు. ఇక ఆగలేకపోయాను.

మీరు రాసినవి అబద్ధాలు కావు. అమెరికాలో స్థిరపడిన తమిళ కుటుంబం, యేల్‌లో గణితం, భౌతికశాస్త్రం, 2013లో ప్రతిభకు గుర్తింపుగా ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్, 2014లో హార్వర్డ్‌లో ఆచార్య పదవి, అన్నీ నిజమే. కానీ ఎంసెట్ ర్యాంకు వచ్చిన పిల్లవాడి గురించి రాసినట్టు రాశారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం పరిశోధనకు చేరిన మనిషి దాన్ని మధ్యలో విడిచి సంగీతం పట్టుకున్నారన్న మాట ఎందుకు వదిలేశారు? 1998లో ఆయన డాక్టరేట్ అందుకున్నది పశ్చిమ ఆఫ్రికా, ఆఫ్రికన్ అమెరికన్ సంగీతాలను శరీరం ఎలా గ్రహిస్తుందన్న దాని మీద. ఆ ఒక్క వాక్యం వేసి ఉంటే ఆ గోడ మీద ఆ కాగితం ఉండేది కాదు.

‘గురువు లేని విద్య’ అన్న మీ ఉపశీర్షిక ఇంకా బాధపెట్టింది. ఆయన మూడో ఏటి నుంచి పదిహేనేళ్లు వయొలిన్ నేర్చుకున్నారు. పియానో మాత్రం ఇంట్లో అక్క వాయించే వాద్యం మీద చెవితో పట్టుకున్నదే. దాన్ని కచేరీకి నిలిచే విద్యగా మలిచింది నల్లజాతి విద్వాంసులు. శాక్సఫోన్ విద్వాంసుడు స్టీవ్ కోల్‌మన్ ఆయనను కుర్రతనంలోనే తన బృందంలోకి తీసుకున్నారు. ఆ తర్వాత వాడాడా లియో స్మిత్ అనే పెద్దాయన పక్కన ఏళ్ల తరబడి వాయించారు. ఆ ఋణాన్ని అయ్యర్ ఎన్నడూ దాచలేదు, దాచింది మీ వార్త. మన పిల్ల కచేరీ చేసి గురువు పేరు చెప్పకుండా వేదిక దిగితే ఊరుకుంటామా?

ముప్పై ఏళ్లు సంగీతం చెప్పినదాన్ని. ఆయన 2009 నాటి ‘హిస్టారిసిటీ’ ఆల్బమ్‌ను తలుపు వేసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ విన్నాను. మూడుసార్లు తప్పింది. ఎడమ చేయి ఒక చిన్న పలుకును వదలకుండా అంటూనే ఉంటుంది, కుడి చేయి దాని మీద వేరే నడకలో పోతుంది. మార్కస్ గిల్మోర్ డ్రమ్ము దెబ్బ నేను అనుకున్న చోటికి వెంట్రుకవాసి ఇవతలో అవతలో పడుతుంది. నాలుగోసారి తాళం మొదలయ్యే చోటు, సమం, దొరికినప్పుడు పైకే ‘శభాష్’ అన్నాను.

2011లో వచ్చిన ‘తీర్థ’ ఆల్బమ్‌లో గిటార్ మీద కర్ణాటక సంగీతం పలికించే ప్రసన్న, తబలా మీద నితిన్ మిట్టా ఆయనకు తోడున్నారు. నితిన్ హైదరాబాదులో పుట్టి అక్కడే తబలా మొదలుపెట్టినవారు. ఇంటిపేరు చూసి అయ్యర్‌ను ‘మనవాడు’ అన్న తెలుగు పత్రికకు ఆ తబలా కనిపించలేదా? 2001లో ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీని న్యూయార్కు విమానాశ్రయంలో సంకెళ్లు వేసి నిలిపిన ఉదంతం నుంచి, కవి మైక్ లాడ్‌తో కలిసి అయ్యర్ ‘ఇన్ వాట్ లాంగ్వేజ్?’ అనే ఆల్బమ్ చేశారు. అమెరికాలో పిల్లలున్న మన ఇళ్లన్నిటికీ తగిలే విషయం అది. దానికీ చోటు లేదు.

అధికారులకు మాత్రం పట్టిందా? మా ఊరి సభాభవనంలో పాత పియానో ఉంది. దాని మీద సన్మానాల శాలువా పెట్టెలు, చిరిగిన ఫ్లెక్సీలు. మూత సందులోంచి చెదల మట్టి రాలుతోంది. తాళంచెవి అడిగితే ఒకరు ఇంకొకరిని చూపించారు. శ్రుతి చేయించమని మూడు అర్జీలు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. నేను పనిచేసిన బడిలో సంగీతం పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసి చాలా కాలమైంది. ఇవాళ మా వీధిలో సరళీ వరసలు వినపడవు, ఎక్కడ చూసినా ట్యూషన్ బోర్డులే.

దయచేసి ఆ వార్త మళ్లీ రాయించండి. ఈసారి కోల్‌మన్, స్మిత్ పేర్లు వేయండి, నితిన్ మిట్టా పేరు వేయండి, భౌతికశాస్త్రం విడిచిన సంగతి పైనే వేయండి. ఆ కాగితం నేనే తీసుకెళ్లి పక్కింటి గోడకు అంటిస్తాను.

– ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయురాలు, తూర్పు గోదావరి జిల్లా