తాళంచెవిలో ఐదంకెలు

ఒరేయ్ శీనూ,

గృహప్రవేశం ఫొటోలన్నీ చూశాన్రా. అమ్మ ముఖంలో ఆ వెలుగు చూస్తే కడుపు నిండిపోయింది. కానీ ముందు ఒక పని చెయ్యి: స్టేటస్‌లో పెట్టిన తాళంచెవుల ఫొటో తీసెయ్. ఎందుకో చెప్తాను.

ఈ మధ్య శనివారాలు ఇక్కడ డల్లాస్‌లో ఒక తాళాల షాపులో పని నేర్చుకుంటున్నాను. అంతా మా వీధి తలుపు ష్లేగ్ కంపెనీ తాళంతో మొదలైంది. డూప్లికేట్‌కి డూప్లికేట్, దానికి మళ్లీ ఇంకోటి తీయించాం. ఆ మూడోది లోపలికి పోతుంది గానీ తిరగదు. ఒక రాత్రి చలిలో పాపని ఎత్తుకుని బయటే నిలబడ్డాం, ఒకటే టెన్షన్. షాపు పెద్దాయన దాన్ని చూసి, "కాపీ తీస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది, అసలుది పట్టుకురా" అన్నాడు.

అసలుది తెస్తే ఆయన బయటికి తీసిందేంటో తెలుసా? క్యాలిపర్! ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నువ్వు రీడింగ్ చెప్తే నేను రాసుకునేవాణ్ణే, అదే. తాళంచెవి కింది అంచు నుంచి గాటు అడుగు దాకా ఎంత ఎత్తు మిగిలిందో కొలుస్తారు. ష్లేగ్‌లో 0 నుంచి 9 దాకా పది లోతులు. 0 అంటే 0.335 అంగుళం. అక్కణ్ణుంచి అంకెకి 0.015 చొప్పున తగ్గుతూ 9 దగ్గర 0.200కి వస్తుంది. మెట్టుకీ మెట్టుకీ తేడా అర మిల్లీమీటరు కూడా లేదురా! క్విక్‌సెట్ అనే ఇంకో కంపెనీ తాళాల్లో మెట్టు 0.023, అది కాస్త నయం.

మాది ఐదు గాట్ల తాళంచెవి. నాలుగు గాట్లు ఉండాల్సిన దానికన్నా 0.004 తక్కువ చూపించాయి, అంతే. ఒకటి మాత్రం 0.296. దాని లోతు అంకె రెండు అయితే 0.305 ఉండాలి, మూడైతే 0.290. మూడుకే దగ్గర కదా అని నేను మూడన్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఇత్తడి అరుగుతుంది గానీ పెరగదు. అది రెండే." ఆ మాట విని అలాగే ఉండిపోయాను. ఐదంకెలు కాగితం మీద రాసుకుని, కొత్త బ్లాంకు (గాట్లు కొయ్యని తాళంచెవి) మీద ఫ్యాక్టరీ లోతులకే కోశాడు. వేలితో అలా తిప్పగానే తలుపు తెరుచుకుంది.

కొలవడానికి గేజ్ అని ఒక రేకు కూడా ఉంటుంది. గాటుని దాని వాలు గాడిలో జరుపుకుంటూ పోతే ఎక్కడ ఆగితే అక్కడి అంకే లోతు. తొందరపనికి బాగుంటుంది గానీ, అరిగిన వాటికి నేను క్యాలిపర్‌నే నమ్ముతాను.

ఇప్పుడు ఫొటో సంగతి. ఆ అంకెలు తెలియాలంటే తాళంచెవి చేతిలో ఉండక్కర్లేదు. 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డీగో వాళ్లు 195 అడుగుల దూరం నుంచి, మేడ మీద నుంచి ఫొటో తీసి గాట్లు చదివేశారు. నువ్వేమో దగ్గర్నుంచి, మంచి వెలుతురులో పెట్టావు.

తీసేశాక ఒక మెసేజ్ పెట్టు. అన్నట్టు, మన బస్టాండ్ పక్కన గొడుగు కింద కూర్చుని, అసలుదీ కొత్తదీ పక్కపక్కన పట్టుకుని ఆకురాయితో అరగదీసే తాతగారు ఇంకా ఉన్నారా? వచ్చినప్పుడు ఆయన చేసిన తాళంచెవి ఒకటి కొలిచి చూడాలనుందిరా.

నీ
రవి