శంఖాల దుకాణానికి గంటన్నర

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం సంచికలో వచ్చిన రామేశ్వరం యాత్రా వ్యాసం చదివాను. ఇరవై రెండు తీర్థాల స్నానం, ధనుష్కోటి, మన భోజనం దొరికే హోటళ్లు, అన్నీ వివరంగా రాశారు. ఊళ్లోకి వెళ్లే దారిలోనే, పేయ్‌కరుంబులో ఉన్న అబ్దుల్ కలాం స్మారకానికి మాత్రం ఒక్క వాక్యం దక్కలేదు. ఎవరైనా గుర్తుచేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరికీ పట్టినట్టు లేదు.

మేము వెళ్లిన యాత్రా బస్సువాళ్లు మీకన్నా నయం. కలాం గారికి ఇరవై నిమిషాలు కేటాయించారు, శంఖాల దుకాణానికి గంటన్నర! లోపల ఫొటోలు తీయనివ్వరని తెలిసి సగం మంది బస్సు దిగనే లేదు. 2015 జూలైలో ఆయనను ఖననం చేసిన చోటే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కట్టి, 2017లో తెరిచిన భవనం అది. అక్కడ అగ్ని క్షిపణి నమూనా నిలబెట్టారు. ఆ అగ్నికి పునాది మన హైదరాబాద్‌లోనే పడిందనీ, 1982లో ఆయన ఇక్కడి క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చాకే ఇదంతా మొదలైందనీ పక్కాయనకు చెప్పబోతే డ్రైవర్ హారన్ మోగించాడు.

అసలు నా బాధ వేరు. గోదావరి పల్లెల్లో ఫైలేరియా, అంటే బోదకాలు, విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఆ జబ్బు తెచ్చే క్రిములు రక్తంలో రాత్రిపూటే కనిపిస్తాయి కనుక, జనం పడుకునే వేళకు సూదులు, స్లైడులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. కుక్కలు వెంటపడేవి, నిద్ర చెడినవాళ్లు తిట్టేవాళ్లు. బోదకాలుకు మేము పంచిన డీఈసీ మాత్ర అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలో మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన వచ్చిన మందు. ఆయన పుట్టింది భీమవరంలో, 1895లో. బస్సులో ఆ పేరు ఎత్తితే, ఫార్మసీ చదువుతున్న కుర్రాడు “ఏ ఊరి ఎమ్మెల్యే అండీ?” అన్నాడు. వాడిని తిట్టి లాభం లేదు. చేయి పట్టుకుని తీసుకెళ్లి వాడికి మనం ఏం చూపించాం గనుక?

శతజయంతి ఏడాది 1995లో తపాలా శాఖ స్టాంపు వేసింది, సంతోషం. పాపం, ఆయన పుట్టినరోజు జనవరి 12. ఆ రోజు అధికారులంతా వివేకానంద జయంతి సభల్లో ఉంటారు, మరో రెండు రోజుల్లో కోడిపందేల హడావుడి. ఇంకో రోజు చూసుకుని పుట్టి ఉండాల్సింది. నాయకుల విగ్రహాలకు మాత్రం కూడలి చాలకపోతే రోడ్డు మధ్యలోనైనా స్థలం దొరుకుతుంది. అవి ఎవరివో చెప్పలేని పిల్లలు వాటి చుట్టూ బళ్లు తిప్పుకుని వెళ్తుంటారు.

రామేశ్వరంలో ఉన్నంత భవనం అడగడం లేదు. భీమవరంలో రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, ఆయన ఏ మందుకు ఎలా కారకుడో తెలుగులో రాసిన పలకలు చాలు. నా దగ్గర ఆ రోజుల నాటి స్లైడుల చెక్కపెట్టె ఒకటి ఉంది. మూత విరిగింది, లోపల గడులు బాగానే ఉన్నాయి. గది ఎక్కడో చెబితే నేనే తెచ్చి ఇస్తాను.

— ఆరోగ్య శాఖ విశ్రాంత ఉద్యోగి,
పశ్చిమ గోదావరి జిల్లా