అద్దె సమ్మెపై తల్లిదండ్రులకు మీరు పంపిన మెసేజ్ గురించి ఫిర్యాదు

మాంచెస్టర్,
2021 ఫిబ్రవరి 3.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
విదేశీ విద్యార్థుల వసతి బుకింగ్ సంస్థ,
హైదరాబాద్.

విషయం: తప్పుడు సమాచారంతో తల్లిదండ్రులను భయపెట్టడం, దాన్ని సరిదిద్దమని కోరడం.

అయ్యా,

మీ ద్వారా మాంచెస్టర్‌లో గదులు తీసుకున్న తెలుగు విద్యార్థుల ఇళ్లకు జనవరి చివర్లో మీ ఆఫీసు నుంచి వాట్సాప్ మెసేజ్ వెళ్లింది. కోవిడ్ వేళ అద్దె తగ్గించమని విద్యార్థులంతా కలిసి అద్దె ఆపుతున్న ఈ సమ్మెలో చేరితే వీసా రద్దవుతుందని, డిగ్రీ పట్టా ఆపేస్తారని, వారంలో గది ఖాళీ చేయిస్తారని, ఆలస్య రుసుము 35 పౌండ్లు వెంటనే కట్టాలని అందులో రాశారు. ఈ నాలుగూ తప్పే. ఊరుకాని ఊళ్లో, ఈ కోవిడ్‌లో పిల్లలు ఎలా ఉన్నారోనని అసలే నిద్రపట్టని అమ్మానాన్నలు అది చదివి వడ్డీకి తెచ్చి మరీ డబ్బు పంపారు.

ముందుగా వీసా. యూనివర్సిటీ, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకు చెప్పాల్సింది విద్యార్థి కోర్సులో చేరాడా, హాజరవుతున్నాడా, చదువు కొనసాగిస్తున్నాడా అన్న సంగతులు. ప్రైవేటు హాస్టల్ అద్దె బాకీ ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య సివిల్ వ్యవహారం. ట్యూషన్ ఫీజు సంగతి వేరు, అది కట్టకపోతే వీసాకు ఆధారమైన యూనివర్సిటీ స్పాన్సర్‌షిప్‌కే ముప్పు. అందుకే ఆ ఫీజు ఒక్క రోజు కూడా ఆపొద్దని సమ్మెలో ఉన్న ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పాం. మీరు ఈ రెండింటినీ కలిపేశారు.

డిగ్రీ పట్టా ఆపే అధికారం ప్రైవేటు హాస్టల్ కంపెనీకి ఎక్కడిది? సొంత హాస్టళ్లున్న యూనివర్సిటీలు కూడా అద్దె బాకీకి చదువును ముడిపెట్టడం వినియోగదారుల చట్టానికి విరుద్ధం కావచ్చని ఇక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ 2014లోనే హెచ్చరించింది.

వారంలో ఖాళీ చేయించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమందిని భయపెట్టింది అదే. మీరు బుక్ చేసిన గదులకు ఉన్నది అష్యూర్డ్ షార్ట్‌హోల్డ్ టెనెన్సీ, అంటే ఇక్కడి మామూలు ప్రైవేటు అద్దె ఒప్పందం. బాకీ ఉన్నా కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరూ తలుపు దగ్గరికి రాలేరు. 2020 ఆగస్టు 29 నుంచి ఇంగ్లండ్‌లో, బాకీ ఆరు నెలల అద్దె కంటే తక్కువైతే ఆరు నెలల నోటీసు ఇవ్వాలి. సెప్టెంబరు 19న మొదలైన 44 వారాల ఒప్పందం జులై 24తో ముగుస్తుంది. ఈ రోజు నోటీసు ఇచ్చినా గడువు ఆగస్టులో పడుతుంది, అప్పటికి పిల్లలు ఎలాగూ గది వదిలేసి ఉంటారు. పైగా కొన్ని మినహాయింపులు తప్ప, ఫిబ్రవరి 21 వరకు బెయిలిఫ్‌లు (కోర్టు ఉత్తర్వు అమలు చేసేవాళ్లు) ఇళ్లు ఖాళీ చేయించకూడదన్న ఆదేశం అమల్లో ఉంది.

ఇక 35 పౌండ్లు. అద్దెదారుల నుంచి ఏ రుసుములు తీసుకోవచ్చో చెప్పే టెనెంట్ ఫీజ్ యాక్ట్ 2019 ప్రకారం అద్దె 14 రోజులు దాటి ఆలస్యమైతేనే వడ్డీ అడగొచ్చు. అది కూడా ఇక్కడి కేంద్ర బ్యాంకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటుకు పైన ఏడాదికి 3 శాతం కంటే ఎక్కువ ఉండకూడదు. ఇప్పుడు బేస్ రేటు 0.1 శాతం. వారానికి 150 పౌండ్ల గదికి 44 వారాల అద్దె 6,600, మూడు వాయిదాల్లో ఒకటి 2,200 పౌండ్లు. అది 30 రోజులు ఆలస్యమైనా వడ్డీ ఆరు పౌండ్లు కూడా కాదు. మీరేమో మూడో రోజే 35 అడిగారు. ఈ చట్టం ఏజెంట్లకూ వర్తిస్తుంది, మొదటి తప్పుకే 5,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

సమ్మె అంటే అద్దె ఎగ్గొట్టడమేనని కూడా రాశారు. ఇది ఎలా నడుస్తుందో తెలుసుకోండి. ఒక బ్లాకులో సగం మంది సంతకం పెట్టేదాకా ఎవరూ అద్దె ఆపకూడదు. పదిమందే ఉంటే కంపెనీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి విడగొడుతుంది. ప్రతి ఫ్లాటుకూ ఒక ప్రతినిధి ఉంటారు, కంపెనీ మెయిల్ ఎవరికి వచ్చినా జవాబు కలిసే రాస్తారు. ఖాతా నుంచి అద్దె దానంతటదే పోయే డైరెక్ట్ డెబిట్‌ను గడువుకు కనీసం ఒక పనిరోజు ముందు బ్యాంకులో ఆపాలి. కార్డు నుంచి అద్దె పోతుంటే ఆ అనుమతిని కూడా బ్యాంకుకే చెప్పి రద్దు చేయించాలి, కంపెనీ పోర్టల్‌లో కార్డు తీసేసి ఊరుకుంటే డబ్బు పోతుంది. ఆపిన అద్దె వేరే ఖాతాలో అలాగే ఉండాలి, ఎందుకంటే చట్టం దృష్టిలో ఆ బాకీ బాకీయే. సమ్మెలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: డబ్బు ఖర్చయిపోయినవాళ్లకు కంపెనీ నుంచి మొదటి ఉత్తరం రాగానే కాళ్లూ చేతులూ ఆడవు.

అసలైన ప్రమాదాన్నీ దాచలేదు. కంపెనీ దావాకు ముందు ఉత్తరం పంపి జవాబుకు 30 రోజులు ఇవ్వాలి. తర్వాత కౌంటీ కోర్టు తీర్పు వస్తే, నెలలోపు మొత్తం కడితే రికార్డు నుంచి పోతుంది, లేకపోతే ఆరేళ్లు ఉంటుంది. చదువయ్యాక ఇక్కడే ఇల్లు వెతుక్కునేవాళ్లకు అది పెద్ద దెబ్బ. ష్యూరిటీ సంతకం పెట్టినవారికీ ఉత్తరం రావచ్చు. పెట్టని తల్లిదండ్రులు మాత్రం కంపెనీకి పైసా బాకీ లేరు. ఈ మాట మీ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

బ్రిటన్‌లో ష్యూరిటీ దొరక్క తెలుగు పిల్లల్లో చాలామంది మీ ద్వారా ఏడాది అద్దె ముందే కట్టేశారు. వాళ్లు ఆపడానికి ఏమీ మిగల్లేదు, డిమాండ్ పత్రం మీద సంతకం మాత్రమే పెట్టారు. వాళ్ల ఇళ్లకూ అదే మెసేజ్ పంపారు! ఆ నంబర్లు బుకింగ్ ఫారంలో 'అత్యవసర పరిస్థితిలో సంప్రదించవలసినవారు' అన్న గడిలో రాసినవి. పిల్లాడు ఆస్పత్రిలో పడితే చెప్పడానికి ఇచ్చిన నంబరుకు అద్దె బెదిరింపు పంపుతారా?

అడుగుతున్నది గొంతెమ్మ కోరికా కాదు. క్లాసులు గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లోనే విన్నారు, ఫ్లాటులో ఒకరికి పాజిటివ్ వస్తే అందరూ తలుపులేసుకున్నారు, జనవరి 4న లాక్‌డౌన్ ప్రకటించాక ఇండియాలో ఉండిపోయినవాళ్లు తాళం వేసిన గదికి అద్దె కడుతున్నారు. 2020 నవంబరులో మాంచెస్టర్ యూనివర్సిటీ ఫాలోఫీల్డ్ హాస్టళ్ల చుట్టూ కంచె వేస్తే విద్యార్థులు పీకేశారు, అద్దె ఆపారు, ఓవెన్స్ పార్క్ టవర్‌లో బైఠాయించారు. ఆ నెలలోనే యూనివర్సిటీ మొదటి సెమిస్టర్ అద్దె 30 శాతం తగ్గించింది. ప్రైవేటు రంగంలో యునైట్ స్టూడెంట్స్ అనే హాస్టళ్ల కంపెనీ గత నెలలో నాలుగు వారాలకు 50 శాతం తగ్గింపు ప్రకటించింది. మీరు గదులు అమ్మిపెట్టే కంపెనీని అడుగుతున్నది మొదటి టర్ముకు ఆ 30 శాతమే, నాలుగు వారాల నోటీసుతో ఒప్పందం వదులుకునే వీలు, సమ్మెలో ఉన్నవారిపై చర్యలు వద్దనడం.

మిమ్మల్ని అడుగుతున్నది ఇది: ఆ మెసేజ్ వెళ్లిన ప్రతి నంబరుకూ, తెలుగులోనే, ఆ నాలుగు మాటలూ తప్పని రాసి పంపండి. వసూలు చేసిన 35 పౌండ్లు తిరిగివ్వండి. బుకింగ్ వోచర్ మాత్రమే ఇచ్చి వదిలేసిన విద్యార్థులకు పూర్తి అద్దె ఒప్పందం కాపీ పంపండి. అద్దె విషయమై తల్లిదండ్రులకు ఫోన్లు చేయడం మానండి. 14 రోజుల్లో జవాబు రాకపోతే రుసుము సంగతి మాంచెస్టర్ సిటీ కౌన్సిల్‌లో వ్యాపార మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు, ఫోన్ నంబర్ల సంగతి వ్యక్తిగత సమాచార రక్షణ చూసే ఇన్ఫర్మేషన్ కమిషనర్ ఆఫీసుకు రాస్తాం. మెసేజ్ స్క్రీన్‌షాట్లు, రుసుము రసీదులు జతచేశాం.

ఇట్లు,
అద్దె సమ్మె కమిటీలోని తెలుగు విద్యార్థులు,
మాంచెస్టర్.