ఒకరికి వీసా, ఒకరికి స్లిప్పు

సంపాదకుడు గారికి,

అమెరికా వీసా అనగానే మన పత్రికల్లో చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసే కుర్రాళ్ల ఫోటో పడుతుంది. ఆ ఫోటో మీద నాకేం కోపం లేదు, నేనూ అక్కడ మొక్కుకున్నదాన్నే. కానీ ఇంటర్వ్యూ అయ్యాక ఏమవుతోందో, ముఖ్యంగా భార్యాభర్తలు కలిసి స్టాంపింగ్‌కి వెళ్తే ఏం జరుగుతోందో పెద్దగా ఎవరూ రాయడం లేదు.

అమెరికాలో హెచ్‌1బి అనే ఉద్యోగ వీసా మీద పనిచేసేవాళ్లు సెలవు పెట్టి వచ్చి, పాస్‌పోర్టులో వీసా వేయించుకుని వెళ్తుంటారు. వాళ్ల మీద ఆధారపడి వెళ్లే భార్యకో భర్తకో హెచ్‌4. ఇద్దరూ ఒకే కౌంటర్ దగ్గర నిలబడతారు, ప్రశ్నలు ఎక్కువగా ఒకరినే అడుగుతారు. అయినా ఫారాలు రెండు, 205 డాలర్ల ఫీజు ఎవరిది వాళ్లకే, కేసు నంబర్లు రెండు, ఫలితాలూ రెండు. మా బంధువుల జంటలో అబ్బాయిది ఇష్యూడ్ అని వచ్చింది, అమ్మాయికి మాత్రం ఇంకా తేలలేదని చెప్పే 221జి స్లిప్పు చేతిలో పెట్టారు. ఆ రాత్రి అత్తగారు కళ్లజోడు సర్దుకుని ఫోన్‌లో కోడలి స్టేటస్ చూస్తే రెఫ్యూజ్డ్ అని ఉంది, తెల్లారేసరికి "రిజెక్ట్ అయిందటగా" అని చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. ఇంకా పరిశీలనలో ఉన్న కేసుకీ ఆ వెబ్‌సైట్ అదే చూపిస్తుందని ఎంతమందికని చెప్పుకుంటాం?

హెచ్‌1బి ఉన్నవాళ్లదే ఆగితే హెచ్‌4 కూడా ఆగుతుంది, అది అర్థం చేసుకోవచ్చు. హెచ్‌4 ఒక్కటే ఆగినప్పుడే అసలు తిప్పలు. భర్త ముందు వెళ్లిపోవచ్చు, భార్య తర్వాత వెళ్లొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. కానీ ఆమెకీ అక్కడ పని అనుమతి ఉండి ఉద్యోగం చేస్తుంటే మేనేజర్‌కి ఏ తేదీ చెప్పాలి? పిల్లాడు అక్కడే పుట్టినవాడైతే వాడికి వీసాతో పనే లేదు, బడి తెరుస్తున్నారు, కానీ ఐదేళ్లవాడు అమ్మని వదిలి విమానం ఎక్కుతాడా? ఎక్కినా వాళ్ల నాన్న ఆఫీసుకెళ్తే ఇంట్లో ఎవరుంటారు? డాలస్‌లో అద్దె, కారు కిస్తీ మాత్రం ఎవరి కోసమూ ఆగవు.

2025లో ఇది ఇంకా బిగుసుకుంది. సెప్టెంబరు నుంచి, ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిస్తే సరిపోయే డ్రాప్‌బాక్స్ దాదాపు ఎత్తేశారు, చిన్నపిల్లలూ ఇంటర్వ్యూకి రావాల్సిందే. ఇక్కడ స్లాట్ లేదని ఇంకో దేశానికి వెళ్లే దారీ మూశారు, సొంత దేశంలోనో నివసిస్తున్న దేశంలోనో వేసుకోమన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌1బి, హెచ్‌4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, దాంతో డిసెంబరులో ఉన్న ఇంటర్వ్యూలు చాలామందికి 2026 మార్చికో ఆ తర్వాతకో వాయిదా పడ్డాయి, అప్పటికే టికెట్లు కొనుక్కుని ఇక్కడికి వచ్చేసినవాళ్లకి కూడా.

వీసా ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లిష్టం, దేశం వాళ్లది. నేనడిగేది గడువు. యూరప్ షెంగెన్ వీసాకి 15 రోజుల్లో తేల్చాలని, మరీ అవసరమైతే 45 రోజుల దాకా తీసుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. కాదంటే ఎందుకు కాదన్నారో ఫారం మీద టిక్కు పెట్టి ఇస్తారు, అప్పీలుకీ వెళ్లొచ్చు. అది చూసి తిరిగొచ్చేవాళ్ల వీసా, దానికీ దీనికీ పోలికేంటని మా అల్లుడు వాదిస్తాడు. నాలుగు రోజులు ఊళ్లు చూసొచ్చేవాడికి గడువుండి, అక్కడ ఇల్లూ ఉద్యోగమూ ఉన్నవాళ్లకి లేకపోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. కనీసం ఇద్దరిలో ఎవరి ఫైలు ఆగిందో, ఆగింది కాగితం తక్కువైనందుకా, తనిఖీ కోసమా, చెబితే చాలు. చెప్పకపోబట్టే "లోపల మనవాళ్లున్నారు, కదిలిస్తాం" అనేవాళ్లకి జనం వేలకు వేలు పోస్తున్నారు.

రెండు రాష్ట్రాల్లోనూ ప్రవాసుల వ్యవహారాలు చూసే విభాగాలున్నాయి. ఇలా ఆగిపోయిన జంటల వివరాలు అవి సేకరించి ఢిల్లీకి పంపితే, మన ఎంపీలు పార్లమెంటులో అడగడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. మీరు కూడా వారానికోసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో ప్రశ్నలూ జవాబులూ వేయండి. మొదటి ప్రశ్న నాదే: భర్త ముందు వెళ్లి కంపెనీ మారితే, ఇక్కడ ఆగి ఉన్న భార్య హెచ్‌4 కేసులో కొత్త కాగితాలు ఇస్తే సరిపోతుందా, మళ్లీ ఫీజు కట్టి మొదట్నుంచీ రావాలా?

- ఒక పాఠకురాలు, హనుమకొండ